పాత బుల్లెట్‌కి కొత్త బ్రేకులు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజనుతో వచ్చిన పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ నడిపేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట తిరిగి తిరిగి బ్రేకుల దగ్గరికే వస్తుంది. ఒకరు డిస్క్ వేయించానంటారు, ఇంకొకరు అల్లాయ్ వీల్స్ ఎక్కించానంటారు, మూడోవాళ్ళు వెనక టైరు లావుది వేశాక బండి భలే కుదురుగా ఉందంటారు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో అడిగితే "అన్నీ దొరుకుతాయి సార్, ఎక్కిచ్చేద్దాం" అంటారు. దొరుకుతాయి, నిజమే. చాలామటుకు ఎక్కుతాయి కూడా.

అసలు చిక్కు అక్కడే ఉంది. బండి ఆగడమనేది ఒక్క వస్తువు చేసే పని కాదు. చేతిలో లివరు నుంచి టైరు రోడ్డుని తాకే చోటు దాకా కేబులు, చక్రంతో తిరిగే డ్రమ్ము, దాన్ని లోపలి నుంచి ఒరుసుకుని ఆపే షూ, పుల్లలు (స్పోకులు), రిమ్ము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు అన్నీ ఆ పనిని పంచుకుంటాయి. ఒకదాన్ని బలంగా చేస్తే ఆ భారం పక్కదాని మీద పడుతుంది. అందుకని డిస్క్ మంచిదా డ్రమ్ము మంచిదా అని అడిగేకన్నా, ఈ బండిలో ఇప్పుడు ముందుగా చేతులెత్తేస్తున్నది ఏదో చూసుకోవాలి. పాత బుల్లెట్లలో చాలావాటికి అది డ్రమ్ము కాదని నా అభిప్రాయం.

ముందు బండిలో ఏముందో చూద్దాం. పాత స్టాండర్డ్ 350కి రెండు చక్రాలూ 19 అంగుళాలవి, టైర్లు 3.25-19, అంటే 3.25 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల రిమ్ము. ముందు 7 అంగుళాల డ్రమ్ము, వెనక 6 అంగుళాలది. గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. చక్రాల మధ్య దూరం 1370 మి.మీ. బండీ మనిషీ కలిసి 240 కిలోలనుకుందాం. బరువంతా నేలకి 60 సెంటీమీటర్ల ఎత్తున కేంద్రీకృతమై ఉందనుకుని లెక్క వేస్తే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు, అంటే గురుత్వ త్వరణంలో 60 శాతం చొప్పున బండి నెమ్మదించేటప్పుడు, వెనక చక్రం మీద నుంచి ముందు చక్రం మీదకి సుమారు 63 కిలోల భారం మారుతుంది. నిలబెట్టినప్పుడు వెనకే ఎక్కువ బరువున్న బండి, ఆ క్షణంలో మూడింట రెండొంతులకి పైగా ముందు చక్రం మీదకి వాలుతుంది. ఎడమకాలితో ఎంత తొక్కినా ఆగని బండి ముందు బ్రేకుకి ఆగడానికి కారణం ఇదే. "ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతావురా" అని చిన్నప్పుడు సైకిలు నేర్పుతూ పెద్దవాళ్ళు పెట్టిన భయం మోటార్ సైకిలు మీద చాలామందిని ఇప్పటికీ వదల్లేదు.

డ్రమ్ము బలహీనమా?

కాదు. డ్రమ్ములో ఒక గమ్మత్తు ఉంది. కేబులు లాగగానే కామ్ అనే ముక్క తిరిగి రెండు షూలనీ బయటికి నెట్టినప్పుడు, చక్రం తిరిగే దిశకి అనుకూలంగా ఉన్న షూని డ్రమ్మే తన వైపుకి లాక్కుంటుంది. మన చెయ్యి పెట్టిన బలం కన్నా ఎక్కువ బలంతో అది కరుచుకుంటుంది. దీన్ని లీడింగ్ షూ అంటారు. రెండో షూని మాత్రం చక్రం వెనక్కి తోస్తుంది కనుక అది అంతంత మాత్రంగానే పని చేస్తుంది, దీన్ని ట్రెయిలింగ్ షూ అంటారు. తర్వాతి కొన్ని మోడళ్ళలో కంపెనీయే అదే 7 అంగుళాల డ్రమ్ములో రెండు కామ్‌లు పెట్టి రెండు షూలనీ లీడింగ్ షూలుగా మార్చింది. తేడా చేతికి బాగానే తెలుస్తుంది. కాకపోతే ఎత్తు మీద ఆగి బండి వెనక్కి జారేటప్పుడు ఆ రెండూ ఒక్కసారే ట్రెయిలింగ్ షూలైపోతాయి, బ్రేకు పట్టు తప్పుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగేవాళ్ళు ఇది గుర్తుంచుకుని వెనక బ్రేకు కూడా తొక్కిపట్టాలి.

ఈ లాక్కునే గుణమే డ్రమ్ముకి లోపం కూడా. షూ మీద అతికించి ఉండే లైనర్ రాపిడిలో కాస్త తేడా వస్తే ఆ తేడా పెద్దదై బయటికి వస్తుంది. నీళ్ళు చేరితే ఒక రకం, వేడెక్కితే ఇంకో రకం, పొద్దున్నే మంచులో తీసినప్పుడు మరో రకం. డిస్క్‌లో ఇలా ఉండదు, ఎంత నొక్కితే అంతకి తగ్గట్టే పడుతుంది. డిస్క్ గొప్పతనం బలం కన్నా ఈ నమ్మకంలోనే ఎక్కువుంది.

ఇక వేడి సంగతి. 250 కిలోల బరువు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులోని శక్తి దాదాపు 35 కిలోజౌళ్ళు. 80 కిలోమీటర్లయితే 62. వేగం మూడో వంతు పెరిగితే వేడి ముప్పావు వంతుకి పైగా పెరిగింది. ఆపిన ప్రతిసారీ ఆ శక్తంతా వేడిగా మారి డ్రమ్ములోకి పోతుంది, బయటపడటానికి దారి తక్కువ. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది, అందుకే లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. డిస్క్ ప్లేటు వేడెక్కి మందమైతే ప్యాడ్ల వైపుకే పెరుగుతుంది. తిరుమల నుంచి వెనక మనిషిని ఎక్కించుకుని దిగేటప్పుడైనా, శ్రీశైలం ఘాట్‌లోనైనా డ్రమ్ము బండికి బ్రేకు నొక్కిపట్టి ఉంచితే సగం దారిలో అది పట్టడం మానేస్తుంది. రెండో గేరులో వేసి ఇంజనుతోనే వేగం ఆపుకుంటూ, బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా కొట్టి వదలాలి. బుల్లెట్ ఇంజను ఆ పనికి భేషుగ్గా సరిపోతుంది.

మొదట ఉన్నదాన్ని బాగు చేయించండి

డిస్క్ కిట్ కొనేముందు ఉన్న డ్రమ్ముకి ఒకరోజు కేటాయించాలి. చేయించే పని పెద్దదేం కాదు. చేసే ఓపికే చాలా షెడ్లలో కరువు. షూలు మార్చి, కేబులు బిగించి, "అయిపోయింది సార్" అంటారు. కొత్త షూ వంపు, అరిగిన డ్రమ్ము వంపు ఒకటి కావు. డ్రమ్ము అరిగేకొద్దీ దాని వ్యాసం పెరుగుతుంది, కొత్త షూ దాన్ని మధ్యలో ఒక వేలెడు మేర మాత్రమే తాకుతుంది. కొత్త షూలు వేశాక బ్రేకు ఇంకా తగ్గిందనే ఫిర్యాదు ఇక్కడి నుంచే వస్తుంది. లైనర్‌ని డ్రమ్ము వంపుకి తగ్గట్టు లేత్ మీద సరిచేయించుకోవాలి.

డ్రమ్ము గుండ్రం తప్పితే, అంటే లివరు చేతిలో కొట్టుకుంటూ ఉంటే, డ్రమ్మునీ లేత్ ఎక్కించాలి. ఇక్కడ ఒక మాట. పుల్లలు విప్పి ఉత్తి హబ్బుని (చక్రం మధ్య భాగాన్ని) లేత్ మీద పెట్టి గుండ్రంగా చెక్కిస్తే, తర్వాత పుల్లలు బిగించినప్పుడు ఆ లాగుడుకి హబ్బు మళ్ళీ కోలగా మారుతుంది. చక్రం మొత్తం అల్లి, బెండు తీసి (వంకర సరిచేసి), పుల్లలు బిగించిన తర్వాతే డ్రమ్ము చెక్కించాలి. 19 అంగుళాల చక్రం పట్టేంత పెద్ద లేత్ అన్నిచోట్లా ఉండదు కనుక చాలామంది దీన్ని ఎగ్గొడతారు. వెతికి చేయించినవాళ్ళకి తేడా తెలుస్తుంది.

మిగతావి చిన్నవి. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబులుకీ కామ్ లివరుకీ మధ్య కోణం 90 డిగ్రీలకి దగ్గరగా ఉండాలి. అది దాటిపోతే లాగిన బలమంతా వృథా. యాక్సిల్ నట్టు బిగించేముందు ఒకరు బ్రేకు గట్టిగా పట్టి ఉంచాలి, అప్పుడు షూలు డ్రమ్ము మధ్యకి సర్దుకుంటాయి. కేబులు కొత్తదీ మంచిదీ కావాలి. నాసిరకం కేబులు పైతొడుగు నొక్కుకుపోతుంది, చేతి బలం సగం అందులోనే పోతుంది. ఇంకొకటి, పాత లైనర్లలో ఊపిరితిత్తులకి ప్రమాదకరమైన ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి గాలి పైపుతో దుమ్ము ఎగరగొట్టే అలవాటు మానాలి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

తర్వాత టైరు. బండి ఎక్కువగా ఇంట్లోనే ఉండటం వల్ల టైరు అరగదు, చూడ్డానికి కొత్తగా ఉంటుంది, రబ్బరు మాత్రం గట్టిపడిపోతుంది. టైరు పక్కన 4 అంకెలు ముద్రించి ఉంటాయి. 2314 అంటే 2014లో 23వ వారంలో తయారైనదని. అలాంటి టైరు మీద ఎంత గొప్ప బ్రేకు పెట్టినా చక్రం ఆగుతుంది, బండి జారుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో గురుత్వ త్వరణంలో సగం నెమ్మదింపు దొరికితే బండి 28 మీటర్లలో ఆగుతుంది, 70 శాతం దొరికితే 20 మీటర్లలో. ఆ 8 మీటర్లలో మంచి వాటా కొత్త టైరుది. డిస్క్ కన్నా చాలా తక్కువ ఖర్చులో దొరికే మెరుగు ఇదే.

ఇవన్నీ చేశాక నెల రోజులు నడపండి. చాలామంది ఇక్కడే ఆగిపోవచ్చు. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళు, ఇద్దరు ఎక్కి ఘాట్లు దిగేవాళ్ళు ముందుకి వెళ్ళాలి.

డిస్క్ అంటే ప్లేటు ఒక్కటే కాదు

అదే కంపెనీ 2021కి ముందు అమ్మిన క్లాసిక్ 350లో ముందు డిస్క్ 280 మి.మీ. ప్యాడ్లు పట్టే చోటు చక్రం మధ్య నుంచి దాదాపు 120 మి.మీ. దూరం. 7 అంగుళాల డ్రమ్ములో షూ పట్టే దూరం 89 మి.మీ. మాత్రమే. అంటే అదే రాపిడికి డిస్క్ మూడో వంతు ఎక్కువగా చక్రాన్ని ఆపగలదు. ఆ ఆపే బలం కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) నుంచి ఫోర్కు కిందికాలులోకి, అదీ ఒక్క వైపే వెళ్తుంది. డ్రమ్ము ఫోర్కులో షూలుండే ప్లేటు తిరగకుండా ఆపే చిన్న ఊతం ఉంటుంది కానీ కాలిపర్ బిగించే చెవులు ఉండవు. అక్కడ ఇనపపట్టీతో క్లాంపు చేసి కాలిపర్ తగిలించడం, అల్యూమినియం పోతకి చెవులు వెల్డింగ్ చేయించడం నేను అస్సలు ఒప్పుకోను. పోత అల్యూమినియానికి వెల్డింగ్ చేసిన చోట బలం తగ్గుతుంది. అది విరిగేది గట్టిగా బ్రేకు వేసినప్పుడే, అంటే మనకి బ్రేకు అత్యవసరమైన క్షణంలోనే.

కనుక డిస్క్ కావాలంటే డిస్క్ కోసమే పోతపోసిన ఫోర్కు కాళ్ళు, దానికి తగిన హబ్బు, యాక్సిల్, కాలిపర్, మాస్టర్ సిలిండర్ (లివరు దగ్గర ఉండి బ్రేక్ ఆయిల్‌ని తోసేది) ఒకే మోడల్ నుంచి ఒకే సెట్టుగా రావాలి. అదే కంపెనీ తర్వాతి మోడల్ నుంచి తెచ్చుకోవడం అన్నిటికన్నా క్షేమం. అప్పుడు కూడా కొలతలు చూసుకోవాలి. బుల్లెట్ హెడ్‌లైటు చుట్టూ, రెండు పిల్ల దీపాలతో ఉండే కాస్కెట్ అందం కోసం పెట్టింది కాదు. ఫోర్కు గొట్టాల పైకొనలు దాంట్లోనే బిగుస్తాయి. గొట్టం లావు, మర, స్టీరింగ్ స్టెమ్ పొడవు, బేరింగ్ కప్పులు కలవకపోతే కాస్కెట్ పోతుంది, దానితో బండి ముఖమే మారిపోతుంది. కొనేముందు కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ పట్టుకుని వెళ్ళండి. "సేమ్ టు సేమ్ సార్" అన్న మాట మీద కొనకండి.

సెకండ్‌హ్యాండ్ ముక్కలు తెచ్చి కలిపేవాళ్ళు తప్పేది ఎక్కువగా మాస్టర్ సిలిండర్ దగ్గర. అందులో పిస్టన్ వైశాల్యానికీ కాలిపర్ పిస్టన్ల వైశాల్యానికీ ఉన్న నిష్పత్తే చేతి బలాన్ని పెంచుతుంది. 27 మి.మీ. పిస్టన్లు రెండున్న కాలిపర్‌కి 12.7 మి.మీ. మాస్టర్ సిలిండర్ పెడితే బలం 9 రెట్లవుతుంది. అదే కాలిపర్‌కి రెండు డిస్కులున్న పెద్ద బండి నుంచి 14 మి.మీ.ది తెచ్చి పెడితే 7.4 రెట్లే. "పెద్ద బండిది కదా, బ్రేకు బాగా పడుతుంది" అనుకుంటారు. జరిగేది తారుమారు. లివరు చెక్కలా గట్టిగా ఉంటుంది, ఎంత పిండినా బండి ఆగదు. చిన్నది, 11 మి.మీ.ది పెడితే 12 రెట్లు వస్తుంది కానీ లివరు చాలా దూరం ప్రయాణిస్తుంది, హ్యాండిల్‌కి తగిలే ప్రమాదం ఉంది. కాలిపర్ ఏ బండిదో మాస్టర్ సిలిండర్ కూడా ఆ బండిదే ఉండాలనే మాట వెనక ఉన్న లెక్క ఇది.

బ్రేక్ ఆయిల్ డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలో తేమని పీల్చుకుంటాయి. తేమ చేరిన ఆయిల్ వేడికి త్వరగా మరుగుతుంది, ఆవిరి చేరితే లివరు మెత్తబడుతుంది. రెండేళ్ళకోసారి మార్చాలి. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. పైపు చివర్లలో రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి. పాత రబ్బరు పైపు నొక్కినప్పుడు ఉబ్బుతుంది కాబట్టి పైపు కూడా కొత్తది తీసుకోండి.

వెనక బ్రేకు జోలికి వెళ్ళొద్దనే చెబుతాను. పాత బుల్లెట్‌లో చైను తిరిగే పళ్ళచక్రం, వెనక డ్రమ్ము ఒకే పోత. డిస్క్ పెట్టాలంటే హబ్బు, పళ్ళచక్రం, చైను వరుస, ఎడమకాలి పెడలు అన్నీ మార్చాలి. ఇంతా చేస్తే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక చక్రం మీద ఉండేది మూడో వంతు కన్నా తక్కువ బరువు. ఉన్న 6 అంగుళాల డ్రమ్మే దాన్ని లాక్ చేయగలదు.

చక్రాలు

అల్లాయ్ వీల్స్ తేలిక అనే నమ్మకం ఒకటి ఉంది. పోత అల్లాయ్ చక్రం చాలాసార్లు పుల్లల చక్రం కన్నా బరువే. నిజంగా తేలిక కావాలంటే క్రోమ్ స్టీలు రిమ్ము బదులు అల్యూమినియం రిమ్ము తీసుకుని పాత హబ్బుకే అల్లించుకోవాలి. చక్రం అంచున తగ్గిన బరువు వేగం అందుకోవడంలోనూ ఆగడంలోనూ గుంతల మీదా తెలుస్తుంది.

అల్లాయ్ వల్ల వచ్చే అసలు లాభం ట్యూబ్‌లెస్ టైరు. మేకు దిగినా గాలి నెమ్మదిగా దిగుతుంది. మామూలు పుల్లల రిమ్ముకి పుల్లలు బిగించే నిపిల్ రంధ్రాలుంటాయి కనుక ట్యూబు తప్పదు. ట్యూబు చిరిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, ముందు చక్రంలో అలా జరిగితే ప్రమాదం. మరోవైపు, మన గుంతల్లో పుల్లల రిమ్ము వంగుతుంది, బెండు తీయించుకోవచ్చు. నాసిరకం పోత చక్రం మాత్రం పగులుతుంది. దానికి బెండు తీయించి, వెల్డింగ్ చేయించి వాడేవాళ్ళున్నారు, నేనైతే ఆ బండి ఎక్కను. పేరూ ముద్రా లేని అల్లాయ్ కన్నా, తుప్పు లేని రిమ్ము, స్టెయిన్‌లెస్ పుల్లలు, అల్లడం తెలిసిన పనివాడు వెయ్యి రెట్లు నయం.

చక్రం విప్పేముందు రిమ్ము అంచు హబ్బు అంచుకి ఎంత పక్కకి ఉందో కొలిచి రాసుకోవాలి. బుల్లెట్ ముందు హబ్బుకి డ్రమ్ము ఒక పక్కకే ఉంటుంది కాబట్టి కంటితో మధ్య చూసి అల్లితే ముందు టైరు ఒక దారి, వెనక టైరు మరో దారి అవుతాయి. అప్పుడు బండి ఒక వైపుకి లాగుతుంటే ఫోర్కు వంగిందని పొరబడతారు.

లావు టైరు మోజు గురించి. 3.25 టైరుకి సరిపడే 1.85 అంగుళాల రిమ్ము మీద 90/90-19 (90 మి.మీ. వెడల్పుది) వేయొచ్చు, అది దాని హద్దులోనే ఉంది. వెనక 110, 120 వెడల్పు టైర్లు అదే రిమ్ము మీద వేస్తే రెండు అంచులూ దగ్గరికి నొక్కుకుని టైరు నడ్డి గుండ్రంగా ఉబ్బుతుంది. రోడ్డుకి తగిలే భాగం మధ్యలో సన్నబడుతుంది, అంచుల్లో రబ్బరు కొత్తగానే మిగిలిపోతుంది. మలుపులో బండి బద్ధకిస్తుంది. చైను పక్కన, మడ్‌గార్డ్ లోపల ఖాళీ కూడా అయిపోతుంది.

19 తీసి 17 అంగుళాలు వేసేవాళ్ళు ఒక లెక్క చూసుకోవాలి. 3.25-19 టైరు బయటి వ్యాసం సుమారు 648 మి.మీ., 110/70-17ది 586. ఇరుసు 31 మి.మీ. కిందికి దిగుతుంది. బండి కింద భాగం స్పీడ్ బ్రేకర్లకి తగులుతుంది. ముందు చక్రమొక్కటే చిన్నదైతే ఫోర్కు నిటారై హ్యాండిల్ తేలికవుతుంది, వేగంలో ముందు భాగం అదరవచ్చు. పాత బుల్లెట్ స్పీడోమీటరు ముందు చక్రం నుంచి కేబులుతో తిరుగుతుంది కనుక 10 శాతం ఎక్కువ చూపిస్తుంది. అదే బ్రేకుకి 10 శాతం ఎక్కువ ఆపే బలం వస్తుందన్నదీ నిజమే. ఆ ఒక్క లాభానికి బండి నడకంతా మార్చుకోవడం నాకు నచ్చదు. 19 అంగుళాల చక్రం గుంతలు దాటే తీరు బుల్లెట్ స్వభావంలో భాగం.

చట్టం, తర్వాతి పనులు

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టసవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని ప్రతి మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చని ఉంది. బ్రేకు మెరుగుపరిస్తే ఎవరు పట్టుకుంటారనేది వేరే మాట. ప్రమాదం జరిగి బీమా సర్వేయరు బండి చూసిన రోజున ఆ మాట పనికిరాదు. 15 ఏళ్ళు దాటిన బండికి ఆర్‌సీ రెన్యూవల్‌కి తనిఖీ కూడా ఉంటుంది. పని మొదలుపెట్టేముందే ఆర్‌టీఓ ఆఫీసులోనూ బీమా కంపెనీలోనూ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవడం మేలు. కంపెనీ ముక్కలతో చేసిన మార్పుని వివరించడం తేలిక, క్లాంపులూ వెల్డింగులతో చేసినదాన్ని సమర్థించడం కష్టం.

125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. దాన్ని తెచ్చి పాత బండికి పెట్టలేం. సెన్సార్లు, మాడ్యులేటరు, దాని ప్రోగ్రాము అన్నీ ఆ బండి బరువుకీ చక్రానికీ తగ్గట్టు అమర్చినవి. కాబట్టి డిస్క్ వేసిన పాత బుల్లెట్‌కి వానలో ముందు చక్రం లాక్ అయ్యే ప్రమాదం ఇంతకుముందు కన్నా ఎక్కువ. ఏళ్ళ తరబడి డ్రమ్ముని నాలుగు వేళ్ళతో పిండిన చెయ్యి, కంగారులో డిస్క్‌నీ అలాగే పిండుతుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు రెండు వేళ్ళతోనే పట్టండి. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద మధ్యస్థ వేగం నుంచి పదే పదే నెమ్మదిగా తగ్గించండి, పూర్తిగా ఆపకండి. వారం తర్వాత పుల్లలు ఒకసారి స్పానర్‌తో తట్టి చూడండి. కొత్త బ్రేకు మెలితిప్పే బలానికి ముందు వదులయ్యేది అవే. తట్టినప్పుడు ఖంగుమనకుండా మొద్దుగా మోగిన పుల్ల ఉంటే, ఆ ఒక్కదాన్నే బిగించి ఊరుకోకుండా చక్రం మొత్తం బెండు చూపించండి.

విప్పిన పాత ఫోర్కు, డ్రమ్ము హబ్బు, ప్లేటు నూనె రాసి అట్టపెట్టెలో దాచుకోండి. తనిఖీ అధికారి మార్పుని ఒప్పుకోకపోయినా, బండి కొనడానికి వచ్చినవాళ్ళు కంపెనీ ఫిట్టింగే కావాలన్నా ఒక పూటలో తిరిగి బిగించుకోవచ్చు. షెడ్డులో "పాతవి మాకిచ్చేయండి సార్, బిల్లులో తగ్గిస్తాం" అంటే మాత్రం ఇవ్వకండి. అసలు కంపెనీ ముక్కలకి ఇప్పుడు బయట గిరాకీ బాగా ఉంది, ఆ సంగతి వాళ్ళకి తెలుసు.